మూడో అంతస్తులో చలికాలం

అలెగ్జాండ్రియా, సీదీ బిష్ర్
1993 జనవరి 21, గురువారం

ప్రియమైన తమ్ముడు ముంతసిర్‌కు,

దేవుడు నిన్నూ నీ గడపనూ చల్లగా చూడాలని కోరుతూ అక్క రౌహియా రాస్తున్నది. మరదలి దగ్గు తగ్గిందా? పిల్లలిద్దరికీ నా తరఫున చెరో ముద్దు పెట్టు. తాంతాలో చలి ఎలా ఉందో గాని, ఇక్కడ గితాస్ తుఫాను మూడు రోజులుగా ఊరిని నానబెట్టి ఉతుకుతోంది. అలలు గోడ దాటి రోడ్డు మీదికి వస్తున్నాయి. ట్రాములో నేనూ, కండక్టరూ, తడిసిన పిల్లి ఒకటీ, అంతే.

అమ్మ పోయాక మనం అనుకున్నట్టే ఫ్లాటు అమ్మకం పని మీద వచ్చాను. జులై, ఆగస్టు నెలల్లో తప్ప ఈ ఊరి ముఖం చూసినవాళ్ళం కాదుగా మనం. నాన్ననూ అన్న ఫత్హీనీ ఒకే పూట మింగిన సముద్రం దగ్గరికి ఏటేటా ఎందుకు తీసుకొస్తావని నువ్వు అమ్మను అడిగేవాడివి. ఆమె వినబడనట్టు చేపలు కడుక్కునేది. అప్పుడు నీకు మూడేళ్ళు, నాకు తొమ్మిది. ఫత్హీ మూడోనాడు ఒడ్డుకు వచ్చాడు. నాన్న రానేలేదు. అంతవరకే మనకు తెలుసు.

వాచ్‌మన్ బిషారీ బాబాయి నన్ను చూసి కూర్చున్న చోటునుంచి లేవలేదు. ఎండాకాలంలో మన చేతుల్లోంచి సంచులు లాక్కుని మెట్లెక్కే మనిషి! “ఇది మీ కాలం కాదమ్మాయీ, వెళ్ళి ఎండలతో రా” అన్నాడు. హాస్యమనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. తాళంచెవి నా దగ్గరే ఉందంటే, “సరే, తలుపు కొట్టి మరీ తెరువు” అన్నాడు. ఖాళీ ఇంటి తలుపు ఎందుకు కొట్టాలి బాబాయీ అన్నాను.

నేను కొట్టలేదు. నేరుగా తెరిచాను. ఆగస్టు నుంచి మూసి ఉన్న ఇల్లు కదా, ముక్కిన వాసన కొడుతుందనుకున్నాను. నారింజతొక్కల వాసన వచ్చింది. నేల తుడిచి ఉంది. మంచం మీద మనది కాని ఉన్ని దుప్పటి, అంచులు సమంగా మడిచి. వంటింట్లో టీ కెటిల్‌ మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసుకున్నాను. వెచ్చగా ఉంది. మనం ఎప్పుడు వచ్చినా తాళం వేసి ఉండే అలమర ఈసారి తెరిచి ఉంది. అందులో మగవాళ్ళ చొక్కాలు, ఇస్త్రీ చేసినవి. తలుపు లోపలివైపు నీ పెళ్ళి ఫొటో అంటించి ఉంది, ముంతసిర్. నడుము దాకా నువ్వు, నీ పక్కన సగం కోసేసిన నేను.

మెట్లు ఎలా దిగానో తెలియదు. ఎవరో ఒకరితో మాట్లాడాలనిపించి మూల దుకాణానికి వెళ్ళి రొట్టె, చిక్కుడుగింజలు అడిగాను. “మూడో అంతస్తుకేనా? హిల్మీ మాస్టారు పొద్దున్నే తీసుకెళ్ళారే. చుట్టాలొచ్చారా?” అన్నాడు దుకాణదారు. ఇరవైనాలుగేళ్ళుగా మన ఇంట్లో ఎవరూ పైకి అనని నాన్న పేరు, రొట్టెల బుట్ట మీదినుంచి అలా వచ్చింది. ఆయన చనిపోయాడన్నాను. “చచ్చినవాడు పచ్చిమిరపకాయల దగ్గర కూడా బేరమాడతాడా తల్లీ? మా ఆవిడకు చెప్పాలి, కడుపారా నవ్వుకుంటుంది” అంటూ నా ముఖం చూశాడు. గబగబా రొట్టె చుట్టి ఇచ్చాడు. చిల్లర కూడా నా అరచేతిలో పెట్టలేదు, బల్ల మీద పెట్టి వేలితో నెట్టాడు.

నేను పారిపోవలసింది. తిరిగి పైకే ఎక్కాను. కోటు విప్పకుండా, తలుపుకు ఎదురుగా కుర్చీ వేసుకుని, నోటికి వచ్చిన ఖురాన్ సూరాలన్నీ చదువుతూ కూర్చున్నాను. కిటికీల్లో గాలి ఊళ పెడుతోంది. మూడు గంటలప్పుడు మెట్ల మీద అడుగులు వినిపించాయి. నెమ్మదిగా ఎక్కుతున్నాయి. ప్రతి అంతస్తు దగ్గరా ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఎక్కుతున్నాయి. నా చదువు తప్పింది. ఎక్కడ ఆపానో గుర్తు రాలేదు. తాళంలో చెవి తిరిగింది.

ఇంతవరకే రాయగలను. నాకేమీ కాలేదు, కంగారుపడకు. కొనేవాడికి మాత్రం ఇంకా మాట ఇవ్వకు. మిగిలింది ఎదురుగా కూర్చుని చెప్తాను.

నీ మేలు కోరే అక్క,
రౌహియా

తా.క. కవరు అంటించబోయి ఆగిపోయాను. నీకు ఎదురుగా కూర్చుని ఈ మాట చెప్పే ధైర్యం నాకు రాదు. ఆ రోజు సముద్రం ఒక్క ఫత్హీనే తీసుకుంది. వాడి చెయ్యి జారిపోయాక నాన్న ఒంటరిగా ఈదుకుని వచ్చాడు. “కొడుకును లోపల వదిలి వచ్చినవాడు నా పిల్లలకు ఒడ్డుకు రానట్టే” అందట అమ్మ. ఆయన ఎదురు చెప్పలేదు. ఎండాకాలం ఇల్లు మనకు, మిగతా కాలం ఆయనకు. మనం వచ్చే ముందురోజు ఈ ఊరు వదిలి రషీద్‌లో ఏదో గదికి వెళ్ళిపోయేవాడట. మన ఫొటోలు మాత్రం అమ్మ ప్రతి ఏడూ ఆ అలమరలో వదిలి వెళ్ళేది.

అమ్మ పోయిందని ఆయనకు నేనే చెప్పవలసి వచ్చింది. గోడవైపు తిరిగి కోటు బొత్తాలు తీసుకోబోయాడు. ఎంతసేపటికీ ఊడిరాలేదు.

నీ గురించి ఒక్కటే అడిగాడు, ఎంత ఎత్తు అయ్యాడని. లేచి నిలబడి, నా తలకు జానెడు పైన చెయ్యి పెట్టి చూపించాను. ఆయన దగ్గరికి వచ్చి తన చెయ్యి ఆ ఎత్తులో ఉంచాడు. నేను నాది తీసేశాక కూడా దించలేదు.