చెనిక్కాయ గింజంత గడ్డ

శుక్రవారం రాత్రి

అమ్మ గర్భసంచి భద్రం! నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందని, దాన్ని తీయించేసుకోవాలనే ఇవాళ నన్ను తోడు తీసుకుని అనంతపురం ఆసుపత్రికి వెళ్లింది. అమ్మతో కలిసి చెనిక్కాయలు ఒలిచే ఆడవాళ్లంతా ఇదివరకే తీయించుకున్నారట. పిల్లలు పుట్టాక దాంతో పనేముందని వాళ్ల లెక్క.

డాక్టరమ్మ స్కానింగ్ చూసి నవ్వింది. "చెనిక్కాయ గింజంత గడ్డమ్మా. మాత్రలు చాలు. ముట్లుడిగితే అదే చిన్నదయిపోతాది."

తిరుగు బస్సులో అమ్మ పొట్ట మీద చెయ్యేసుకుంది. "నిన్ను మోసిన సంచి. ఊరికే పారేయించుకుంటాంటి కదే!" ఇద్దరం పడీపడీ నవ్వాం.

చిన్నమ్మకు మాత్రం ముప్పై ఏళ్లకే గర్భసంచిని అండాశయాలతో సహా తీసేశారు. ఇప్పుడు ఎముకల నొప్పులు. ఆమెకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే...

పక్కింటి ఓబుళమ్మకు సోమవారం అదే ఆపరేషన్. ఇల్లు చేరగానే అమ్మ గోడ మీంచి అరిచింది: "ఆగు ఓబుళమ్మా! ముందు స్కానింగ్ తీయించుకో. నాది నాకాడే ఉండాది!"