అర్థమైన మాట మీద అర్జీ

పాలకొల్లు దగ్గర నుంచి,
అక్టోబరు 1998

వ్యవసాయాధికారి ఫణిశ్రీ గారికి నమస్కారాలు.

మా వరి చేలో సుడిదోమ ఆగిందండి. ఈ కబురుతోపాటు ఇంకొకటి కూడా మీకు చెప్పేస్తేగాని నాకు అన్నం సయించదు.

మా ఊరి మీటింగులో మీరు, "దోమ దుబ్బు మొదట్లో ఉంటే మీరు మందు ఆకుల మీద కొడతారేంటండీ? నీళ్లు తీసేసి, గాలి ఆడేలా పైరు పాయలు తీసి, మందుతో మొదళ్లు తడపండి" అన్నారు. మీకు ముందున్న ఆఫీసరుగారి మాట మాకు సగం అర్థమయ్యేది కాదు. అందుకే ఆయనంటే గొప్ప గౌరవం. మీరు చెప్పిందంతా అర్థమైపోయేసరికి, ఈవిడకి చదువు తక్కువేమో అనుకున్నాం. మిమ్మల్ని మార్చమని పై ఆఫీసుకి అర్జీ రాశాం. దస్తూరీ నాదే.

రిజిస్టరు చేద్దామని వెళితే ఆ రోజు పోస్టాఫీసుకి సెలవు. తిరిగొచ్చేసరికి మా ఆవిడ రామతులసి కూలీలతో చేలో దిగి పాయలు తీయిస్తోంది. మీటింగులో ఆడవాళ్లంతా వెనక నిలబడి విన్నారట.

"ఎవరు చెప్పారు నీకు?" అని కోప్పడ్డాను.

"ఆఫీసరమ్మగారే కదండీ! మనం మాట్లాడుకున్నట్టే చెప్పారు, ఒక్క ముక్క మర్చిపోలేదు" అంది.

ఆ మాట విన్నాక అర్జీ పోస్టు చేయకుండా ఆగాను. వారం తిరిగేసరికి గట్టు అవతల చేలు సుళ్లు సుళ్లుగా ఎండిపోయాయి. మాది పచ్చగా నిలబడింది.

అర్జీని ఇందులోనే పెట్టి పంపుతున్నాను. మీ చేత్తోనే చింపేయండి. ఈసారి మీటింగులో ముందు కుర్చీలు ఆడవాళ్లకి వేయిస్తాను. నేను వెనక నిలబడి వింటాను.

ఇట్లు,
రెండు కాగితాలూ రాసిన రైతు