డాక్టరు గారితో బాగున్నానని అనకండి

అత్తయ్యా,

ఉప్మా మూతపెట్టి ఉంచాను, తిన్నాకే మాత్ర వేసుకోండి. ఆటో పదింటికి వస్తుంది. ఆధార్, ఎక్స్‌రేలు పచ్చ సంచిలో ఉన్నాయి. చేతికర్ర గుమ్మం దగ్గరే పెట్టాను, మళ్ళీ మంచం కిందకి తోసెయ్యకండి.

పోయినసారి సదరం పరీక్షకి పట్టుచీర కట్టుకుని, కర్ర ఆటోలోనే వదిలేసి లోపలికి వెళ్ళారు. ఎలా ఉన్నారమ్మా అని డాక్టరు గారు అడిగితే, పెళ్ళిలో ఎవరో పలకరించినట్టు "మీ దయ వల్ల బాగున్నానండీ" అన్నారు. వైకల్యం పర్సంటేజీ చాల్లేదని పింఛను రాలేదు. ఈసారీ అలాగే అంటారేమోనని ఈ చీటీ రాసి పెడుతున్నాను.

ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పది అడుగులేస్తే తుంటి నుంచి మడమ దాకా లాగేస్తుందని చెప్పండి. బాత్రూంలో కుళాయి పట్టుకుని లేస్తున్నానని కూడా చెప్పండి. నేను పక్కనుంటే చెప్పేదాన్ని. పటమట షాపులో ఎంత అడిగినా సెలవు ఇవ్వలేదు.

సుస్మిత

మన మెట్లెక్కేటప్పుడు నాలుగో మెట్టు మీద ఆగి కుచ్చిళ్ళు సర్దుకుంటారు కదా. మీ కుచ్చిళ్ళు ఏనాడూ చెదరలేదు అత్తయ్యా. అందుకే నేనెప్పుడూ మీ వెనకాలే ఎక్కుతాను.