గేటు బయట ఏడో ఎక్కం

జూన్ 12, గురువారం

స్కూళ్ళ ఇన్‌స్పెక్టర్ వచ్చి వెళ్ళాడు. ఎవరో కంప్లెయింట్ ఇచ్చారట. సర్కారు బడి కాంపౌండులో ఇకమీదట ఏ మతం ప్రార్థనా వినపడకూడదట. మధ్యాహ్న భోజనానికి ముందు ట్రస్టు వాళ్ళు చేయించేది కూడా ఆపాలట. ఆపితే వాళ్ళు అన్నం పంపరు, మరి పిల్లలకు వేరే ఏర్పాటు ఏమిటని అడిగాను. అది పైవాళ్ళు చూసుకుంటారన్నాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆ పైవాళ్ళెవరో నేను చూడలేదు.

జూన్ 13, శుక్రవారం

ట్రస్టు పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. మెత్తటి మనిషి, పిల్లల్ని పేరుపేరునా అడుగుతాడు. ఈ ఒక్క మాట దగ్గర మాత్రం రాయి. దేవుడి పేరు చెప్పి చందాలు తెచ్చి వండే అన్నమమ్మా, ఆయన్ని తలవకుండా ఎలా పెట్టమంటావు అన్నాడు. తప్పని అనలేకపోయాను. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. మధ్యలో హెడ్‌మిస్ట్రెస్.

రిటైరయ్యే ముందు నీకీ గొడవలెందుకే అన్నాడు మా ఆయన. నేనేదో కోరి తెచ్చుకున్నట్టు.

జూన్ 16, సోమవారం

దారి దొరికింది. ప్రార్థన గేటు బయట, భోజనం గేటు లోపల. పిల్లలు రోడ్డు పక్కన వరసగా నిలబడతారు. ముందున్న ఒకరు చెబుతారు, మిగతావాళ్ళు అంటారు, లోపలికొచ్చి తింటారు. ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేస్తే గేటు బయట సంగతి తనది కాదన్నాడు. దేవుడికి గేట్లేమిటమ్మా అన్నాడు పెద్దాయన. ఇద్దరికీ సంతోషమే. నాకు తలనొప్పి.

జూన్ 17, మంగళవారం

వెల్డర్ వచ్చాడు. మూడో క్లాసులో మేం పిచ్చుక అని పిలిచే పిల్ల వాళ్ళ నాన్న. కంప్లెయింట్ ఇచ్చింది తనేనని ముఖం మీదే చెప్పాడు. వాళ్ళింట్లో దేవుడి ఊసే లేదట. పిల్ల ప్రార్థన చేయదట, అన్నం మాత్రం తింటుందట, అది దాని హక్కట. అదీ న్యాయమే. అందరూ న్యాయమే మాట్లాడతారు, అదే నా ఖర్మ.

వరసలో నిలబడని పిల్లకి వడ్డించే ఆవిడ గరిటె ఎత్తలేదు. పెద్దాయన మాట దాటలేనమ్మా అంది. నా క్యారేజీ విప్పి పిచ్చుక ముందు పెట్టాను. ఆకలి లేదంది. కళ్ళు మాత్రం పక్కవాళ్ళ పళ్ళెంలోనే ఉన్నాయి.

జూన్ 24, మంగళవారం

ఇంకా ఆకలి లేదనే అంటోంది. ఈ రోజు లెక్కల క్లాసులో బల్ల మీద తల వాల్చేసింది. వరసలో నిలబడి ఊరికే పెదాలు కదుపు తల్లీ అని బతిమాలాను. అబద్ధమాడితే నాన్న ఊరుకోడంది. ప్రార్థన చెప్పొద్దులే, నీకొచ్చింది ఏదైనా గొణుక్కో అన్నాను. ఏదైనానా టీచర్ అంది. ఏదైనా అన్నాను.

జూన్ 25, బుధవారం

వరసలో నిలబడింది, తింది. మారు వడ్డించమంది కూడా.

జూలై 3, గురువారం

ఏం గొణుగుతోందో పక్కన నిలబడి విన్నాను. ఏడో ఎక్కం. కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, ఏడు పదులు డెబ్బై దాకా. ఎన్నాళ్ళకో మనసారా నవ్వాను. దానికున్న తెలివి మీ డిపార్ట్‌మెంట్‌కి లేదన్నాడు మా ఆయన.

జూలై 10, గురువారం, సాయంత్రం

కొంప మునిగింది.

చందాలిచ్చే పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని పెద్దాయన వచ్చాడు. వరసంతా చూసి, అందరికన్నా భక్తిగా నిలబడే పిల్ల ఇదేనని మురిసిపోతూ పిచ్చుకని ముందుకు తెచ్చాడు. ఈ రోజు నువ్వు చెప్పమ్మా అన్నాడు. నేను అడ్డం పడాల్సింది. అది నా వైపు చూసింది. ఏదైనా అన్నాను కదా.

ఏడొకట్ల ఏడు అంది, గట్టిగా.

ముందున్నవాళ్ళు ఏదంటే అదే అనడం పిల్లలకు అలవాటు. వరసంతా అంది. ఏడు రెళ్ళు పద్నాలుగు. రోడ్డంతా మారుమోగింది. ఆ పెద్దమనుషుల్లో చేతులు జోడించిన ఒకావిడ వాటిని మెల్లగా దించేసుకుంది. పెద్దాయన మధ్యలో ఆపలేదు. డెబ్బై అయ్యాక నా దగ్గరికొచ్చి, పసిదానికి ఇదెవరు నేర్పారమ్మా అని అడిగాడు. నేనే అన్నాను. తిడితే బాగుండేది. తలూపి వ్యాన్ ఎక్కాడు.

ఈ పూటకి పిల్లలు తిన్నారు.

జూలై 11, శుక్రవారం

అన్నం వ్యాన్ రాలేదు. బెల్ కొట్టగానే పిల్లలు గేటు బయట వరస కట్టారు, పిచ్చుక ముందు. ఏడో ఎక్కం అయిపోయింది. రోడ్డు వైపు చూశారు. ఎనిమిదోది మొదలుపెట్టారు.