కుక్క గిన్నెలో పెట్టిన తిండి

అన్నయ్యా,

క్షేమసమాచారాలు కోపం చల్లారాక రాస్తాను.

నిన్న డాక్టరు మా పిల్లి కళ్లల్లోకి లైటు వేసి చూసి, పోయిన చూపు ఇక రాదన్నాడు. పిల్లికి టారిన్ అనే పోషకం తిండిలోంచే అందాలట. ఏడాదిన్నరగా అందలేదట. నేను ఊళ్లో లేని ఆ ఏడాదిన్నరా అది నీ ఇంట్లోనే ఉంది. ఏం పెట్టేవారని ఫోన్ చేస్తే వదిన నవ్వింది. "రెండూ నాలుగు కాళ్లవే కదా అని మీ అన్నయ్య కుక్క తిండే దీనికీ పెట్టేవారు" అంది.

"పిల్లులకు సంపూర్ణాహారం" అని ఉన్న సంచే కొనమని చీటీ రాసి, మీ ఫ్రిజ్ మీద అంటించి మరీ వెళ్లాను కదా! నీ కుక్కకు గడ్డి పెడితే ఊరుకుంటావా?

మా పిల్లి పెట్టిన పిల్ల ఇంకా నీ దగ్గరే ఉంది. ఆదివారం వచ్చి తీసుకెళ్తాను. అందాకా దానికి ఈ ఉత్తరంతో పంపిన సంచిలోదే పెట్టు. "ఏదో ఒకటి తింటుందిలే" అన్నావంటే నేను నీ చెల్లెల్నే కాను.

చిన్నప్పుడు నేను పంచదార దొంగతనంగా తింటుంటే, పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుందని వెక్కిరించేవాడివి. ఇప్పుడొచ్చి చూడు. కళ్లు ఇంతింత చేసుకుని, ముందున్న గిన్నె కోసం గోడంతా వెతుక్కుంటోంది.

ప్రస్తుతానికి,
నీ చెల్లెలు