కార్యక్రమంలో ఆఖరి అంశం

26 జనవరి 1961

రిపబ్లిక్ డే సభలో వందన సమర్పణ నాది. వాకాడు హైస్కూల్లో చేరినప్పటి నుంచి ప్రతి సభకూ వందన సమర్పణ నాదే. నేను లేవగానే జనమూ లేస్తారు. గౌరవంతో కాదు, చెప్పులు వెతుక్కోవడానికి. ఇవాళ ప్యూను ఆదెయ్య వేదిక మీది జంపఖానా చుట్టుకుంటూ వచ్చి నా పాదాల దగ్గర ఆగాడు. కాలెత్తమన్నాడు. ఎత్తాను. అధ్యక్షుల వారికి ఒంటికాలి మీద కృతజ్ఞతలు తెలిపాను. ఇది తపస్సు కిందికి వస్తుందేమో కనుక్కోవాలి.

27 జనవరి

నిన్న అసలు సంగతి రాయలేదు. ప్రతి సభలో ప్రార్థన గీతం నవోమి గారిది. కుట్టు టీచరు. పక్క ఊరు కోటలో అక్కగారింట్లో ఉంటుంది. పాట తరువాత, స్వాగతోపన్యాసం అయ్యేదాకా మర్యాదకు కూర్చుని, హ్యాండ్‌బ్యాగు తీసుకుని అయిదున్నర బస్సుకు వెళ్ళిపోతుంది. కోటకు అదే ఆఖరు బస్సు. ఆవిడ మొదటి అంశం, నేను చివరి అంశం. మధ్యలో వక్తలు, వక్తలు, వక్తలు.

స్టాఫ్ రూములో అందరినీ నవ్విస్తాను. ఆవిడ వస్తే మాత్రం నా నాలుక క్యాజువల్ లీవు పెడుతుంది. ఒక్కసారి నేను వేదిక మీద మాట్లాడుతుంటే ఆవిడ వినాలి. అంతే కోరిక. అంతే కాదు గాని, డైరీకి ఇది చాలు.

30 జనవరి

స్వాగతోపన్యాసం నాకిమ్మని హెడ్‌మాస్టరు కామాక్షయ్య గారిని అడిగాను. అది హెడ్‌మాస్టరు జన్మహక్కట. పైగా నా గొంతు రెండో బెంచీ దాటదట. ముందు గొంతు సంపాదించుకు రమ్మన్నారు.

5 ఫిబ్రవరి, ఆదివారం

సైకిలు మీద తూపిలిపాళెం వెళ్ళి సముద్రానికి స్వాగతం పలికాను. ఇసుకలో చేపలు ఎండబెట్టుకుంటున్న మాలకొండమ్మ కర్ర పుచ్చుకుని నా వైపు వచ్చింది. నోరు మూసి సైకిలు పట్టుకున్నాను.

"ఎందుకు నిలిపేసినావు సామీ? నువ్వు అరస్తా ఉంటే ఒక్క కాకీ వాల్లా. ఈ తట్టుకు తిరిగి అరువు, చేపలు ఈడ ఉండాయి."

తిరిగాను. శ్రోతలంతా ఎగిరిపోయారు. ఇక్కడ దాన్ని విజయమంటారు.

8 ఫిబ్రవరి

హోటల్లో నా పక్కనున్న ఖాళీ కుర్చీకి సాంబారు వద్దని చెప్పాను. సర్వరు నవ్వలేదు. ఇంకెవరూ లేరు.

19 మార్చి, ఆదివారం

కాకుల డ్యూటీ తప్పడం లేదు. గొంతు పొట్టలోంచి వస్తోంది. కాగితం చూడటం మానేశాను. మాలకొండమ్మ ఎండు చేపలు పొట్లం కట్టిచ్చింది. గదిలో ఏమిటా వాసన అని ఇంటివాళ్ళు అడిగారు. ఉపన్యాసం అన్నాను.

11 ఏప్రిల్

నవోమి గారికి పెళ్ళి కుదిరింది. వరుడు తిమోతి, బిట్రగుంటలో రైల్వే గార్డు. ఉద్యోగం మానేస్తుందట.

12 ఏప్రిల్

ఏమీ లేదు.

22 ఏప్రిల్

ఆవిడ వీడ్కోలు సభ. వందన సమర్పణ నాది.

ఈసారి ఆవిడ వేదిక మీద, మెడలో దండతో. దండ పడ్డ మనిషి మధ్యలో లేవకూడదు. బావగారు కోట నుంచి గూడుబండి కట్టించుకొచ్చారు, బస్సు తొందర లేదు.

లేచాను. చెప్పుల చప్పుడు మొదలైంది. గొంతెత్తాను. చప్పుడు ఆగింది. ఆదెయ్య జంపఖానా అంచు వదిలేసి కూర్చున్నాడు. ఒక్క జోకూ వేయలేదు. ఈ బడిలో ప్రతి సభా ఆవిడ గొంతుతోనే మొదలైందని, ఆ తరువాత మేమంతా మాట్లాడిన వాటిలో ఒక్క మాటా ఎవరికీ జ్ఞాపకం లేదని, పాటలు మాత్రం ఉన్నాయని చెప్పాను. ఇంకొక్క వాక్యం మిగిలింది. కాకులకు ఎన్నోసార్లు చెప్పినదే. దాన్ని మింగి జైహింద్ అన్నాను.

దిగుతుంటే ఆవిడ పిలిచింది.

"మీరింత బాగా మాట్లాడతారని నాకు తెలీనే తెలీదు మాస్టారూ. ఎప్పుడూ బస్సు తొందరతోనే సరిపోయింది."

తల ఊపాను.

ఇకమీదట స్వాగతోపన్యాసం నాదేనని కామాక్షయ్య గారు అక్కడికక్కడే ప్రకటించారు. అందరూ నా భుజం తట్టారు.

15 ఆగస్టు

సాయంత్రం సభ. ఎవరో ఫోర్త్ ఫారం అమ్మాయి పాడింది. నేను స్వాగతం చెప్పాను. చాలాసేపు చప్పట్లు కొట్టారు. దిగి, నేరుగా అయిదున్నర బస్సు దగ్గరికి నడిచాను. ఎక్కడికని కండక్టరు అడిగాడు.

చెప్పలేకపోయాను.