కొరియన్ మాటల ఇంటిపేర్లు

సకల ఇంటిపేర్ల విచారణాధికారి అయిన నానమ్మ సముఖానికి మనవడు వంగి వంగి రాసుకొనునది.

ఇవాళ నీ సంవత్సరీకం. భోజనాలయ్యాక కొరియన్ పిల్లల కథల పుస్తకం మొదటిసారి చివరిదాకా చదివేశాను.

నిజానికి ఆ భాషకు దండం పెట్టేద్దామనుకున్నాను. రాత్రి నేర్చిన మాట తెల్లారేసరికి పారిపోయేది. అప్పుడు సబ్బవరం ఇంట్లో నువ్వు గ్యాస్ బండ తెచ్చినతన్ని నిలదీయడం గుర్తొచ్చింది.

"ఎవులబ్బాయివి నాయినా? ఇంటిపేరేటి?"

అతను చెప్పగానే, "ఓర్నీ, మా సిన్నమ్మోల వైపే! కూకో, టీ తాగెల్లు."

అలా చుట్టం చేసుకున్న మనిషిని నువ్వెన్నడూ మరిచిపోలేదు.

నేనూ మాటల్ని ఇంటిపేరు అడిగాను. కొరియన్‌లో చాలా మాటల వెనక చైనా అక్షరాలుంటాయి. చదువు అనే అర్థమున్న అక్షరాన్ని 'హక్' అంటారు. బడి హక్‌క్యో, విద్యార్థి హక్‌సెంగ్, యూనివర్సిటీ తేహక్. అంతా ఒకే ఇంటివాళ్లు! ఆపైన ఒక్కరూ పారిపోలేదు. ఇదంతా నీ చలవే.

కథ చివర్లో 'హల్మొని' ఎదురైంది. నానమ్మ అని అర్థం. నిఘంటువులో దాని పక్కన ఏ చైనా అక్షరమూ లేదు.

ఇంటిపేరు అడక్కుండానే, "కూకో, టీ తాగెల్లు" అన్నాను.